క్షేమమని చెప్పడానికి మారుపేరు

హంగేరీలో చెలరేగిన తిరుగుబాటుని అణచడానికి 1956 నవంబరు 4న సోవియట్ ట్యాంకులు రాజధాని బుడాపెస్ట్ మీద విరుచుకుపడ్డాక, సుమారు రెండు లక్షల మంది దేశం దాటిపోయారు. ఎక్కువమంది ఆస్ట్రియాకి, ఇరవై వేల మంది దాకా యుగోస్లావియాకి. అనుమతి లేకుండా దేశం విడవడం అప్పట్లో నేరం. అందుకని ఇంటికి కబురు పంపడం కూడా జాగ్రత్తగా చేయాల్సిన పనే.

అప్పుడు అక్కరకొచ్చింది పశ్చిమ జర్మనీలోని మ్యూనిక్ నుంచి మోగే రేడియో ఫ్రీ యూరప్, అమెరికా డబ్బుతో నడిచే ప్రసార కేంద్రం. బయల్దేరేముందే ఇంట్లో ఒక మారుపేరు అనుకునేవాళ్లు. హంగేరియన్‌లో దాన్ని యెలిగె అంటారు. అవతలికి చేరాక ఆ పేరుతో కబురిస్తే, ఫలానావాళ్లు క్షేమమని రేడియోలో చదివేవారు. అంత తీరిక లేకుండా పారిపోయినవాళ్లకి ఇంట్లోవాళ్లు పిలిచే ముద్దుపేరే దిక్కు. ఇక ప్రసారాన్ని వినపడనీయకుండా ప్రభుత్వం పెట్టే రొదలో ఆ ఒక్క ముక్కా కొట్టుకుపోతే, ఇంట్లో మళ్లీ ఎదురుచూపులే.

తర్వాత ఉత్తరాలు. వాటిని విప్పి చదువుతారన్న భయం రెండు వైపులా ఉండేది. దారి చూపిందెవరో, వెంట ఎవరు వచ్చారో అందులో రాయకూడదు. పైగా చిరునామా నిలకడగా ఉండేది కాదు. బ్రిటన్‌లో వేలమందిని బొగ్గు గనులకని తీసుకుని, ఇంగ్లీషూ గనిపనీ నేర్పించారు. తీరా చూస్తే చాలాచోట్ల స్థానిక యూనియన్ శాఖలు వాళ్లని గనుల్లోకి రానివ్వలేదు. ఊరు మారినప్పుడల్లా కొత్త చిరునామా రాసి పంపాలి, అది అందేదాకా పాతదానికే జాబులు.

హంగేరియన్లూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ప్రపంచం ఇమ్రె నాజ్ అనే ప్రధాని వాళ్లకి నాజ్ ఇమ్రె. పరదేశపు ఆఫీసులో మొదటి గడిలో ఇంటిపేరు పెడితే అదే సొంతపేరైపోతుంది, ఆనక ఒకే మనిషికి రెండు కాగితాల్లో రెండు పేర్లు. ఇంటిపేరు కింద గీత గీయడం తేలికైన ఉపాయం. పరదేశపు టైపురైటర్‌తో మరో చిక్కు. హంగేరియన్‌లో దీర్ఘం చూపే రెండు వాలు గీతల అక్షరాలు దాని మీద ఉండేవి కావు. రెండు చుక్కలు పెడితే అది హ్రస్వం. దాదాపు ‘తొర్’ అని పలికితే విరగ్గొట్టడం, ‘తోర్’ అంటే బాకు! టైపు చేశాక ఆ గీతలు కలంతో పెట్టుకోవాల్సిందే.

ఇంటికి సాయం పంపడానికి ఇక్కా అనే ప్రభుత్వ సంస్థ ఉండేది. విదేశంలో డాలర్లు కడితే హంగేరీలో చుట్టాలకి కాఫీ, కోకో లాంటి సరుకులు దొరికేవి. పారిపోయారని తిట్టే ప్రభుత్వానికి వాళ్ల డాలర్లు మాత్రం చేదు కాలేదు.

1963లో హంగేరీ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించాక చాలామంది సొంతవాళ్లని చూసి రావడానికి వెళ్లగలిగారు. అయితే హంగేరీ లెక్కలో పాత పౌరసత్వం దానంతటదే పోదు, కొత్త పాస్‌పోర్టు జేబులో ఉన్నా సరే. చుట్టాలింట్లో దిగితే అప్పట్లో పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. అక్కడి కాగితాల్లో మనిషిని గుర్తించేది తన పేరొక్కటితోనే కాదు, తల్లి పుట్టింటి పేరు కూడా రాయాలి. మారుపేరుతో క్షేమం చెప్పుకున్నవాళ్లు ఆ గడి కూడా నింపి ఇవ్వాల్సి వచ్చేది.