నా గొంతుని సరిచేస్తామన్నారు

మొన్న శుక్రవారం నా ఆల్బమ్ బయటికొచ్చింది. ఆరు పాటలు, అన్నీ డాన్స్ పాటలే. నాకు యాభై మూడేళ్ళు. ఉండేది విజయనగరంలో. తొంభైల్లో ఇటు బొబ్బిలి, అటు చీపురుపల్లి, గజపతినగరం దాకా పెళ్ళిళ్ళకీ అమ్మవారి పండగలకీ ఆర్కెస్ట్రాలో పాడినదాన్ని. అప్పట్లో నా పేరుతో ఒక ప్రైవేటు క్యాసెట్ కూడా వచ్చింది. తర్వాత పెళ్ళి, పిల్లలు. ఆ తర్వాత డీజే బాక్సులొచ్చాయి, ఆర్కెస్ట్రాని పిలిచేవాళ్ళే లేకుండా పోయారు. ఇప్పుడు తెలిసినవాళ్ళంతా ఫోన్ చేసి ఎలా చేశావు, ఎంతయింది, ఎక్కడ చేశావు అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. ఒళ్ళుమంట కూడా ఇంకా చల్లారలేదు. అందుకే ఒకేసారి రాసేస్తున్నాను.

పాటలు రాసుకోవడం, బాణీలు కట్టడం హాయిగా అయిపోయాయి. మా పాత కీబోర్డు మాస్టారు రిటైరై ఇంట్లోనే ఉన్నారు. ఆయనా నేనూ సాయంత్రాలు కూర్చుని చేసుకున్నాం. డబ్బుకి చీటీ ఎత్తాను. మా ఆయన ఏమీ అనలేదు. చీటీ నాది కదా, ఏమంటారు?

అన్నది మా ఆడపడుచు. "ఈ వయసులో డాన్సు పాటలేటి వదినా" అంది. ఆవిడకి షేర్ సంగతి చెప్పాను. షేర్ అమెరికా గాయని, 1946లో పుట్టింది. 1965లోనే సోనీ అనే గాయకుడితో కలిసి పాడిన పాట అక్కడ నంబర్ వన్. మధ్యలో ఆవిడ పనైపోయిందన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. 1998లో 'బిలీవ్' అనే డాన్స్ ఆల్బమ్ తెచ్చేనాటికి ఆవిడకి 52 ఏళ్ళు. ఆ ఏడాది బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన సింగిల్ ఆ పేరు పాటే. మరుసటి ఏడాది అమెరికాలో నంబర్ వన్, ఆ పైన గ్రామీ. మడోన్నా అయితే 47 ఏళ్ళకి, 2005లో, ఆల్బమ్ మొత్తం డాన్స్ పాటలే పెట్టి, పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేకుండా అతికించి వదిలింది. మేం ఆర్కెస్ట్రాలో మెడ్లీ కొట్టేది అలాగే కదా! నా ఆల్బమ్‌కి ఆ ఐడియా అక్కడి నుంచే తీసుకున్నాను, దాచడమెందుకు. మా ఆడపడుచు అంతా విని "వాళ్ళు అమెరికావాళ్ళు" అని తేల్చేసింది.

నాకు పాత సినిమా పాట ఒకటి డాన్స్ బీట్‌లో మళ్ళీ పాడాలని ఉండేది. ఆ ఆశ ఉన్నవాళ్ళు ముందే వదులుకోండి. మన కాపీరైట్ చట్టంలో కవర్ పాటకి 31సి అని ఒక సెక్షన్ ఉంది. పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక అయిదేళ్ళు గడవాలి, ముందుగా నోటీసివ్వాలి, ఏడాదికి తక్కువలో తక్కువ 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. యాభై వేల కాపీలు! మా వీధిలో అందరూ తలా పది కొన్నా అంతకి చేరదు. మడోన్నా అంతటావిడే 'అబ్బా' అనే స్వీడన్ బృందం పాటలో ముక్క వాడుకోవడానికి ఉత్తరం రాసి అనుమతి అడగాల్సొచ్చింది. కాబట్టి పాటలు సొంతంగా రాసుకోండి. అడిగే పనే ఉండదు.

బీట్ కోసం తప్పెటగుళ్ళు పెట్టాలన్నది నా పట్టు. నెల్లిమర్ల దగ్గర పల్లెలో ఒక బృందం ఉంది. వాళ్ళ ఊరికే వెళ్ళి, రామాలయం ముందు అరుగు మీద మైకులు పెట్టి రికార్డు చేసుకున్నాం. ఛాతీకి కట్టుకున్న రేకు తప్పెట మీద రెండు చేతులూ పడుతుంటే, కాలి గజ్జెలు దానికి జవాబు చెబుతుంటే, నాకు తెలీకుండానే చెప్పులు విప్పేసి నిలబడ్డాను. ఆల్బమ్ మొత్తంలో నాకు నిండా సంతోషమిచ్చిన పూట అదే.

ఇక స్టూడియో. విశాఖలో. పేరు రాయను, కానీ మెట్ల దగ్గర కోళ్ళ దాణా గోదాము ఉంటుందని మాత్రం చెబుతాను. అద్దె గంటల లెక్కన. మీరు వెళితే పాటకింత అని మాట్లాడుకోండి. గంటల లెక్కన ఒప్పుకుంటే కంప్యూటర్ హ్యాంగయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. పిల్లాడు టీ తాగొచ్చిన టైమూ మన ఖాతాలోదే.

ముందు తప్పెట సంగతి. అసలు తప్పెటగుళ్ళు వాళ్ళు మొదట్లో నింపాదిగా కొట్టి, ఊపొచ్చే కొద్దీ వేగం పెంచుతారు. ఆ ఊపే దాని ప్రాణం. స్టూడియో పిల్లాడు, మా చిన్నదాని వయసుంటాడు, కంప్యూటర్‌లో నిమిషానికి 124 బీట్లని పెట్టి, ఒక్కో దెబ్బనీ పట్టుకుని గీత మీదకి జరిపేశాడు. విన్నాను. తప్పెట ఉంది, కొట్టిన మనుషులు లేరు. "డాన్స్ పాటకి ఇలాగే ఉండాలాంటీ" అన్నాడు. సరే, పోనీ, డాన్స్ అన్నాక లెక్క తప్పకూడదనుకున్నాను. అక్కడ తగ్గాను.

తర్వాత నా వంతు. చిన్న గది, గోడలకి నల్ల స్పాంజి, చెవుల్లో టక్‌టక్‌మని క్లిక్. ఆర్కెస్ట్రాలో డ్రమ్ములాయన మన మొహం చూసి కొడతాడు, మనం ఊపిరి తీసుకుంటే ఆగుతాడు. క్లిక్ ఆగదు. అదీ అలవాటు చేసుకున్నాను. రెండో పాట పల్లవిలో "నాగావళి నీళ్ళల్లో" అని ఒక మాట వస్తుంది. బాణీ నటభైరవి రాగం స్వరాల్లో ఉంది. 'నీళ్ళ' దగ్గర గాంధారాన్ని, అంటే 'గ' స్వరాన్ని, కొంచెం ఊపి వదులుతాను. పాట మొత్తానికీ నాకిష్టమైన చోటు అది.

పిల్లాడు పాట ఆపాడు. "ఆంటీ, ఇక్కడ పిచ్ ఊగుతోంది."

"ఊగడం కాదు బాబూ, గమకం. స్వరాన్ని కావాలనే ఊపుతాం."

"తెర మీద చూడండి."

చూశాను. నా మాటలు ముక్కలుముక్కలుగా డబ్బాల్లో ఉన్నాయి. డబ్బా మధ్యలో సన్నని గీత ఒకటి పైకీ కిందకీ పోతోంది. ఆ గీత నా గొంతట. మౌస్‌తో పట్టుకుని నొక్కాడు. గీత సాపు అయిపోయింది. వినిపించాడు. ఇస్త్రీ పెట్టి నొక్కినట్టుంది ఆ 'నీళ్ళు'. తడే లేదు.

నేను వద్దన్నాను. వాడు ఓనరుని పిలిచాడు. ఆయన వచ్చి, తర్వాత రికార్డింగుకని సోఫాలో కూర్చున్న కుర్రాళ్ళ ఎదురుగానే, "మేడంగారిది పాత స్టైలు కదా, శ్రుతి కాస్త అటూ ఇటూ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది" అన్నాడు. కుర్రాళ్ళలో ఒకడు నవ్వాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "లేదంటే ఒక పని చేద్దాం. మా దగ్గర మంచి అమ్మాయి ఉంది, ట్రాక్ పాడించేద్దాం. మీ గొంతు కింద లైట్‌గా కలుపుదాం. కవర్ మీద ఫోటో మీదే" అన్నాడు.

నా చీటీ డబ్బుతో, నేను రాసిన పాట, నా ఫోటో పెట్టి వేరే అమ్మాయి పాడుతుందట.

నేను మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకున్నదాన్ని. 1919లో పెట్టిన కళాశాల అది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఘంటసాలగారు చదువుకున్నది అక్కడే. సుశీలమ్మది మా ఊరే. నేను వాళ్ళ కాలిగోటికి సరిపోనని నాకు తెలుసు. కానీ గమకానికీ అపశ్రుతికీ తేడా మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. తోడి రాగంలో గాంధారాన్ని తీసుకెళ్ళి ఆ తెర మీద పెట్టండి, ఎవరు పాడినా తప్పనే చూపిస్తుంది. అది రిషభానికీ మధ్యమానికీ మధ్య తిరుగుతూ ఉంటేనే గాంధారం. గీత మీద కూర్చోబెడితే తోడి ఎక్కడుంటుంది? ఇదంతా అక్కడ అనలేదు. గొంతు పూడుకుపోయింది. బ్యాగు తీసుకుని ఆర్టీసీ కాంప్లెక్సుకి వచ్చి బస్సెక్కేశాను.

ఆ రాత్రి మా చిన్నదానికి ఫోన్ చేసి ఏడ్చాను. అది బెంగుళూరులో సాఫ్ట్‌వేరు. "అమ్మా, ఆ యంత్రంతోనే కదా నీ షేర్ హిట్టు కొట్టింది" అంది. అప్పుడు తెలిసింది నాకు. దాని పేరు ఆటోట్యూన్. కనిపెట్టినాయన ఆండీ హిల్డెబ్రాండ్. అంతకుముందు ఆయన పని, భూమి లోపలి నుంచి తిరిగొచ్చే తరంగాల లెక్క కట్టి చమురు ఎక్కడుందో చెప్పడం. 1997లో ఆ లెక్కలనే గొంతు మీదకి తిప్పాడు. అందులో రీట్యూన్ స్పీడ్ అని ఒక మీట ఉంటుంది. సున్నా దగ్గర పెడితే ఊపిరాడనివ్వకుండా గొంతుని స్వరం మీదకి లాగేస్తుంది. నంబరు పెంచేకొద్దీ నెమ్మదిగా, మనకి తెలీకుండా సర్దుతుంది. షేర్ పాటలో కావాలనే సున్నా దగ్గర పెట్టారు, గొంతు విరిగి విరిగి వినపడాలని. కంపెనీవాళ్ళు అది తీసేయమంటే ఆవిడ ససేమిరా అందట. ఏం చేశామన్నది కూడా బయటికి పొక్కనివ్వకుండా నిర్మాతలు మొదట్లో వేరే యంత్రం పేరు చెప్పారు.

అంటే మీట ఎవరి చేతిలో ఉందన్నదే ఇక్కడ గొడవంతా. ఈ ఒక్క ముక్క ఆ పిల్లాడు నాకు ముందే చెప్పుంటే నేను ఏడ్చే పనే లేదు. చెప్పరు. తెలిసినవాళ్ళు చెప్పకపోవడం ఈ రోజుల్లో ఒక ఉద్యోగమైపోయింది, స్టూడియోలో అయినా ఆఫీసులో అయినా.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి మా మాస్టారిని కూడా వెంటబెట్టుకుని. పిల్లాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "నాయనా, రీట్యూన్ స్పీడ్ ఎంతలో ఉంది?" అన్నాను. వాడు నా వైపు తిరిగి చూశాడు. సున్నాకి దగ్గర్లో ఉంది. "పైకి తీసుకెళ్ళు. ఇంకా. ఇంకొంచెం. 'నీళ్ళ' దగ్గర బైపాస్ చెయ్యి." చేశాడు. మాట తిరిగొచ్చింది. మిగతా చోట్ల, నిజం చెప్పాలంటే, కొద్దిగా సర్దితే బాగానే ఉంది. నేను మెషీన్లకి శత్రువుని కాను. అయిదో పాటకి వచ్చేసరికి నేనే "దీనికి సున్నా పెట్టు" అన్నాను. ఆ పాట ఫోన్‌లో కట్ అయిపోతూ మాట్లాడే అమ్మాయి పాట, గొంతు విరగాల్సిందే. ఓనరు గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయాడు. ట్రాక్ పాడే అమ్మాయి మాట మళ్ళీ ఎత్తలేదు.

మిక్సింగ్, కవర్ ఫోటో మామూలే. ఫోటో అయ్యకోనేరు గట్టు మీద మా మేనల్లుడు తీశాడు.

యాప్‌లలోకి ఎక్కించే పనికి డిస్ట్రిబ్యూటరని ఒకరుంటారు. ఒక్కో పాటకి ఐఎస్‌ఆర్‌సీ అని పన్నెండక్షరాల కోడు వస్తుంది, దాన్ని జాగ్రత్తగా రాసి పెట్టుకోండి, రేపు డబ్బుల లెక్కకి అదే ఆధారం. రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీలుంటాయి: రాసినవాళ్ళూ బాణీ కట్టినవాళ్ళూ ఐపీఆర్‌ఎస్‌లో, పాడినవాళ్ళు ఇసామ్రాలో (ఇదివరకు ఇస్రా అనేవారు) చేరొచ్చు. 2012లో చట్టం సవరించాక రాసినవాళ్ళ రాయల్టీ హక్కు వారసులకీ, ఇలాంటి సొసైటీకీ తప్ప ఇంకొకరికి రాసిచ్చేయడానికి లేదు. వాళ్ళు కాక ఇంకెవరైనా కాగితం మీద మొత్తం రాసిచ్చేయమంటే సంతకం పెట్టకండి. మా మాస్టారి చేత ఫారం నింపిస్తున్నాను, ఆయనకి ఆధార్ ఓటీపీ అంటేనే టెన్షన్.

ఇక తాజా గోల. నా పేరుతోనే భజనలు పాడే ఆవిడ ఇంకొకరున్నారు, ఎక్కడివారో తెలీదు. ఒక యాప్‌వాళ్ళు నా ఆల్బమ్‌ని తీసుకెళ్ళి ఆవిడ పేజీలో పెట్టేశారు. రెండు శివ భజనల కింద నా తప్పెట బీటు! సరిచేయమని మెయిల్ పెడితే మీ అభ్యర్థన అందింది అని ఒక జవాబు వచ్చింది, అంతే. పాపం ఆవిడ ఏమనుకుంటున్నారో. నా పాటలు విడివిడిగా వింటే మధ్యలో అతుకులు తెగుతాయి, వరసగా వినండి. అక్కడ మూడో నంబరు నుంచి నావే.