నేనాడితే వాళ్ళు ఓడిపోతారమ్మా

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా అని, మన ఇంటర్ లాంటి రెండేళ్ళ చదువులో చేరిన కొత్తలో మావాడు స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో పేరు ఇవ్వనని పట్టుబట్టాడు. ఎందుకురా, భయమా అని అడిగాను. "నేనాడితే వాళ్ళు ఓడిపోతారమ్మా. నా డిప్లొమా కోసం మిగతా పదిమందీ ఎందుకు ఓడిపోవాలి?" అన్నాడు. బద్ధకం అనుకుని బతిమాలడానికో కోప్పడడానికో సిద్ధపడి ఉన్నాను గానీ, ఈ మాటకు ఏం చెప్పాలో తోచలేదు.

ఈ చదువు గురించి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 7 పాయింట్లు. మనకు తెలిసినది ఎలా తెలిసిందని ప్రశ్నించే థియరీ ఆఫ్ నాలెడ్జ్, 4,000 పదాల దాకా రాయాల్సిన ఎక్స్‌టెండెడ్ ఎస్సే, ఈ రెండూ కలిపి ఇంకో 3. మొత్తం 45. వీటితోపాటు క్యాస్ అని ఒకటుంది: క్రియేటివిటీ, యాక్టివిటీ, సర్వీస్. దానికి ఒక్క పాయింటూ రాదు. కానీ అది పూర్తి చేయకపోతే పరీక్షలు ఎంత బాగా రాసినా డిప్లొమా చేతికి రాదు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకూ, వాళ్ళ మీద ఆశలు పెట్టుకున్న మనలాంటి వాళ్ళకూ మింగుడుపడనిది ఇదే. పాయింట్లు రాని పని కోసం నిద్ర ఎందుకు మానుకోవాలి?

నేను చదువుకున్నప్పుడు ఆటలు ఆడేవాళ్ళు వేరు, చదివేవాళ్ళు వేరు. పరీక్షలు దగ్గరపడితే పీటీ పీరియడ్ లెక్కల మాస్టారి చేతికి వెళ్ళిపోయేది. ఆటలకు విలువంటూ ఉంటే అది స్పోర్ట్స్ కోటా సీటు రూపంలోనే. బాగా ఆడలేనివాడు కూడా ఆడొచ్చని, ఆడుతూ పాడుతూ బతకొచ్చని మాకెవరూ చెప్పలేదు. ఇప్పటికీ మా మామయ్యగారు ఫోన్ చేస్తే, "వాడికి చదువు టైములో ఈ గంతులేంటమ్మా?" అని అడుగుతారు. ఆయనకు సర్దిచెబుతూనే, లోపల ఆయన పక్షానే ఉన్నానేమో అనిపిస్తుంది. పరీక్షల వారం వస్తే, "ఈ ఒక్కసారికీ వెళ్ళకపోతే ఏం?" అని మొదట అడిగేది నేనే.

తెలిసినావిడ ఒక సలహా ఇచ్చారు. మోకాలి నొప్పి అని డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చిపెడితే గొడవ వదులుతుందని. నేను ఒప్పుకోలేదు. లేని నొప్పిని కాగితం మీద రాయించి, దానికి వాడితో సంతకం పెట్టించే పని నా వల్ల కాదు. అదీగాక, వాడికి కదలిక అవసరం లేదని నేనెప్పుడూ అనుకోలేదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మావాడు పొద్దుటి నుంచి రాత్రి దాకా కుర్చీలోనే ఉంటాడు. కుర్చీలోంచి లేచి నడిచి ఇంకో కుర్చీలో కూర్చుంటాడు, అంతే.

అందుకే నిబంధన అసలేమంటోందో కూర్చుని చదివాను. చదివాక మనసు తేలికపడింది. యాక్టివిటీ అంటే ఆరోగ్యంగా బతకడానికి పనికొచ్చే శారీరక శ్రమ. టీమ్‌లో ఉండాలని లేదు. పోటీకి వెళ్ళాలని లేదు. డ్యాన్స్ చేయొచ్చు, కొండలెక్కొచ్చు, ఈత నేర్చుకోవచ్చు, జిమ్‌కి వెళ్ళొచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా "యాభై గంటలు పూర్తి చేయాలి" అని చెప్పుకుంటుంటారు. ఒకప్పుడు క్యాస్ మొత్తానికి 150 గంటల లెక్క ఉండేది, ఇప్పుడు లేదు. ఇప్పుడు చూసేది కనీసం 18 నెలల పాటు క్రమం తప్పకుండా చేశారా, దాని గురించి నిజాయితీగా ఆలోచించి రాశారా అన్నదే. ఏడు ఫలితాలు సాధించినట్టు చూపించాలి. ఆ ఏడింటిలో "గెలవడం" లేదు. తన బలాలేంటో, ఎక్కడ ఎదగాలో తెలుసుకోవడం ఉంది, పట్టుదల ఉంది, కలిసి పనిచేయడం ఉంది.

మరి ఇది ఆటల టీమ్‌గా ఎలా మారిపోతోంది? టీమ్ అయితే స్కూల్‌కి సులువు. కోచ్ ఉంటాడు, హాజరు ఉంటుంది, సంతకం పెట్టేవాళ్ళుంటారు. మనకేమో యూనివర్సిటీ దరఖాస్తులో రాసుకోవడానికి బావుంటుందని. ఇద్దరి సౌకర్యానికీ మధ్యలో నలిగేది ఆట రాని పిల్లాడు. ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుచుకుంటుంటే, చివరిదాకా మిగిలిపోయేవాడు ఏం చేస్తాడో మావాడు ఒకరోజు చెప్పాడు. వంగి, కట్టి ఉన్న బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంటాడట. తల పైకెత్తకుండా ఉండడానికి. ఎన్నేళ్ళుగా అలా కట్టుకుంటున్నాడో నేను అడగలేకపోయాను.

మీ పిల్లల పరిస్థితీ ఇదే అయితే నేను చెప్పగలిగింది ఒకటుంది. మొదటి టర్మ్‌లోనే క్యాస్ కోఆర్డినేటర్‌తో మాట్లాడండి, కానీ పిల్లాణ్ణే మాట్లాడనివ్వండి. "ఈ ఆట నా వల్ల కాదు, దీని బదులు ఇది చేస్తాను, ఇలా చేస్తాను" అని వాడు చెబితే వినే విలువ వేరు. మేం పక్కన కూర్చున్నాం, అంతే. మావాడు గోడలెక్కే క్లైంబింగ్ ఎంచుకున్నాడు. అందులో వాడు జారిపడితే ఓడిపోయేవాళ్ళెవరూ లేరు.

ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. ఎక్కబోయే ముందు నడుముకు కట్టుకున్న పట్టీకి తాడు పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేశాడు. ఆ ముడిని కింద తాడు పట్టుకునే అమ్మాయి చేత్తో లాగి చూసింది. వాడు ఆమె పట్టీకి తాడు సరిగ్గా బిగిసిందో లేదో చూశాడు. ఇద్దరూ తలూపాకే కాలు గోడకు ఆనించాడు. సగం దూరం వెళ్ళాక చెయ్యి అందక ఆగిపోయాడు. చాలాసేపు అక్కడే వేలాడుతూ ఉన్నాడు. కింద నుంచి ఎవరూ "త్వరగా" అనలేదు. "ఎడమ కాలు కొంచెం పైకి" అని మాత్రం ఆ అమ్మాయి అంది. కాలు మార్చాడు, చెయ్యి అందలేదు, దిగిపోయాడు. దిగాక మొహంలో సిగ్గు లేదు. నాకు కావలసింది అదేనని అప్పుడు తెలిసింది.

కథ ఇక్కడితో అయిపోతే బావుండేది. ఇంటికి వస్తూ, "పోర్ట్‌ఫోలియోకి ఫొటో తీయించుకున్నావా?" అని అడిగాను. వాడు జవాబివ్వకుండా కిటికీ వైపు తిరిగాడు. పాయింట్లు లేని పని ఒక్కటైనా వాడికి ఉండాలని కోరుకుంటూ, దానికీ నేను రుజువు అడుగుతున్నాను. ఆ రుజువు నిజంగానే కావాలి, అడక్కపోతే పని ఆగిపోతుంది. ఈ ముడి ఎలా విప్పాలో నాకు తెలియడం లేదు.

క్యాస్ కోసం వాడు రాసిన రిఫ్లెక్షన్, అంటే చేసిన పని గురించి ఆలోచించి రాసుకున్నది, నాకు చూపించాడు. "చేతులతో పైకి లాక్కోవాలని చూసినంతసేపూ అలసిపోయాను. బరువు కాళ్ళ మీద వేయడం నేర్చుకున్నాక ఆగి ఆలోచించడానికి టైమ్ దొరికింది" అని ఉంది. చదివి చాలా సంతోషించాను. ఆ రాత్రే ఇంకో ఆలోచన వచ్చింది. ఇది వాడికి నిజంగా అనిపించిందా, లేక పెద్దవాళ్ళు ఇలాంటివి చదివితే మురిసిపోతారని గ్రహించి రాశాడా? చిన్నప్పటి నుంచి ఏ పరీక్షలో ఏం రాయాలో పసిగట్టడం నేర్పింది మేమే కదా. "ఈ వారం ఏమీ నేర్చుకోలేదు, విసుగొచ్చింది" అని రాస్తే కోఆర్డినేటర్ ఏమంటారో గానీ, నేను ఒప్పుకుంటానా?

తప్పనిసరి చేస్తే ఇష్టం పుడుతుందా అన్నది కూడా నాకు తేలలేదు. తప్పనిసరి కాకపోతే మావాడు ఆ గోడ దగ్గరికి వెళ్ళేవాడే కాదు, అది ఖాయం. కానీ తప్పనిసరి అయింది కాబట్టే డిప్లొమాతోపాటు దాన్నీ మూసి పక్కన పెట్టేస్తాడేమో. నిన్న అడిగాను, పరీక్షలు అయ్యాక కూడా వెళ్తావా అని. "అప్పటికి నన్నెవరూ అడక్కపోతే వెళ్తానేమో" అన్నాడు. మీ పిల్లల్లో ఇది పూర్తి చేసి యూనివర్సిటీకి వెళ్ళినవాళ్ళుంటే చెప్పండి. సంతకాలు అక్కర్లేని రోజు వచ్చాక కూడా వాళ్ళు నడుస్తున్నారా, ఈదుతున్నారా, ఎక్కుతున్నారా?