సెలెక్ట్ చేసిన మాటను ఒక్క క్లిక్కుతో నిఘంటువులో తెరిచే యాప్లెట్

పాత తెలుగు పుస్తకాలను తెర మీద చదివేవారికి నిఘంటువుతో పని తరచుగా పడుతుంది. ప్రతిసారీ పదాన్ని సెలెక్ట్ చేసి, కాపీ చేసి, బ్రౌజర్‌లోకి వెళ్లి, కొత్త ట్యాబ్ తెరిచి, పేస్ట్ చేసి, ఎంటర్ నొక్కేసరికి చదువుతున్న వాక్యం మనసులో తెగిపోతుంది. ఈ తతంగాన్ని తగ్గించడానికి నా లినక్స్ మింట్ కంప్యూటర్‌లో, సినమన్ డెస్క్‌టాప్ ప్యానెల్ మీద ఒక చిన్న యాప్లెట్ (ప్యానెల్ మీద ఉండి పని చేసే బుల్లి ప్రోగ్రామ్) పెట్టుకున్నాను. పదాన్ని మౌస్‌తో సెలెక్ట్ చేసి ఆ యాప్లెట్ బొమ్మ మీద నొక్కితే చాలు, తెలుగు విక్షనరీ అనే ఆన్‌లైన్ నిఘంటువులో ఆ పదం పుట బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

ఇందులో కాపీ చేయడమనే మెట్టే లేకపోవడం విండోస్ నుంచి వచ్చినవారికి వింతగా తోస్తుంది. లినక్స్‌లో తెర మీద విండోలను చూపించే, 1987లో వచ్చిన ఎక్స్11 వ్యవస్థ సంప్రదాయం ప్రకారం సెలెక్షన్లు ప్రైమరీ, సెకండరీ, క్లిప్‌బోర్డ్ అని మూడు ఉన్నాయి. వీటిలో సెకండరీని పట్టించుకున్నవారు అరుదు. కంట్రోల్, సీ మీటలు కలిపి నొక్కితే పాఠ్యం క్లిప్‌బోర్డ్‌కు వెళ్తుంది; మౌస్‌తో సెలెక్ట్ చేసినంత మాత్రాన అది ప్రైమరీ అవుతుంది. మౌస్ మధ్య బటన్ నొక్కినప్పుడు పేస్ట్ అయ్యేది ఈ ప్రైమరీయే. నిజానికి ఆ పాఠ్యం ఎక్కడా దాచిపెట్టి ఉండదు. సెలెక్ట్ చేసిన ప్రోగ్రామ్ దానికి యజమానిగా ఉండి, మరొక ప్రోగ్రామ్ అడిగినప్పుడు మాత్రమే అందిస్తుంది. అందువల్లనే పీడీఎఫ్ రీడర్‌ను మూసివేసిన తరువాత యాప్లెట్‌ను నొక్కితే దానికి దొరికేది ఏమీ ఉండకపోవచ్చు.

సినమన్ యాప్లెట్ రాయడానికి జావాస్క్రిప్ట్ కొద్దిగా వస్తే సరిపోతుంది. హోమ్ ఫోల్డర్‌లో యాప్లెట్ల కోసం కేటాయించిన చోట ఒక ఫోల్డర్ పెట్టి, అందులో పేరూ వివరాలూ చెప్పే మెటాడేటా ఫైలును, అసలు పని చేసే జావాస్క్రిప్ట్ ఫైలును ఉంచితే డెస్క్‌టాప్ దానిని గుర్తిస్తుంది. క్లిక్ చేసినప్పుడు ప్రైమరీలో ఉన్న పాఠ్యాన్ని అడగడం, దానిని వెబ్ చిరునామాగా మార్చడం, ఆ చిరునామాను డిఫాల్ట్ బ్రౌజర్‌కు అప్పగించడం, ఇంతే దాని పని. కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ వాడేవారికి ఇంత శ్రమ కూడా అవసరం లేదు. అక్కడి క్లిప్‌బోర్డ్ పనిముట్టు క్లిప్పర్‌లోని యాక్షన్స్ సదుపాయంతో, ఒక నమూనాకు సరిపోయే పాఠ్యానికి ఏ ఆదేశం నడవాలో రాసిపెట్టుకోవచ్చు.

యాప్లెట్ చేసే ఆ మూడు పనులలో మొదటిది, చివరిది సులువే. చిక్కంతా మధ్యలో ఉన్నదానితోనే వస్తుంది, తెలుగు విషయంలో మరీ ఎక్కువగా వస్తుంది. వెబ్ చిరునామాలో తెలుగు అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగా పంపకుండా, వాటి యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) బైట్లను ఒక్కొక్కటిగా శాతం గుర్తుతో రాయాలి. తెలుగు యూనికోడ్ పట్టికలోని ప్రతి సంకేతానికి, అది అచ్చయినా హల్లయినా గుణింతపు గుర్తయినా, 3 బైట్లు పడతాయి. ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి 3 చిహ్నాలు కావాలి. ఆ లెక్కన చూడడానికి మూడక్షరాలుగా కనిపించే ‘తెలుగు’ అనే మాటలో 6 సంకేతాలు, 18 బైట్లు ఉండి, చిరునామాలో అది 54 చిహ్నాల పొడవుకు చేరుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఈ మార్పిడికి సిద్ధంగా ఒక ఫంక్షన్ ఉంది కనుక చేత్తో లెక్కకట్టనక్కరలేదు గాని, ఒక పేరా మొత్తాన్ని సెలెక్ట్ చేసి నొక్కితే చిరునామా ఎంత పొడవవుతుందో ఊహించవచ్చు. అందుకే పాఠ్యం పొడవుకు నేను ఒక హద్దు పెట్టాను. నిఘంటువులో పేరాలు వెతికేవారు ఎలాగూ ఉండరు.

కంటికి కనిపించనివాటితో వచ్చే ఇబ్బంది మరొకటి. సెలెక్ట్ చేసిన పదం వెంట ఖాళీలు, పంక్తి విరుపులు, కామాలు తగులుకుని వస్తాయి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారకుండా ఆపడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని చిహ్నాన్ని వాడతారు. ఖాళీలను కత్తిరించే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ దీనిని ఖాళీగా లెక్కపెట్టదు కనుక, పదం చివర ఇది మిగిలిపోయినప్పుడు విక్షనరీ అటువంటి పుట లేదని చెబుతుంది. చివరి వాటిని తీసివేసి, మధ్యలో ఉన్నవాటిని కదిలించకుండా వదిలాను. విక్షనరీ లెక్కలో ఆ చిహ్నం ఉన్న శీర్షిక వేరు, లేని శీర్షిక వేరు.

ఇక నిఘంటువుల సంగతి. యాప్లెట్ మీద కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూలో, శికాగో విశ్వవిద్యాలయం వెబ్‌లో ఉంచిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును కూడా చేర్చాను. అందులో మాటలు గ్రాంథిక రూపంలో ఉంటాయి కాబట్టి ‘వృక్షం’ అని వెతకడం కంటే ‘వృక్షము’ అని వెతకడం మేలు. చివరి సున్నాను ‘ము’గా మార్చడానికి ఒక పంక్తి కోడ్ చాలు, ఆ పంక్తి మాత్రం రాశాను. అంతకు మించి విభక్తులను, సంధులను విడదీసే భారాన్ని యాప్లెట్ మీద పెట్టదలచుకోలేదు. ‘కోపంతో’ అన్నచోట ‘కోపం’ వరకే సెలెక్ట్ చేస్తే సరిపోతుంది. ‘ఇంటికి’ అన్నచోట ‘ఇల్లు’ చూడాలన్న తెలివి చదివేవారికి ఉండనే ఉంటుంది. యూనికోడ్ రాకముందు నాటి డీటీపీ ఫాంట్లతో తయారైన పీడీఎఫ్‌ల ముందు మాత్రం ఏ యాప్లెట్టూ నిలవదు: తెర మీద చక్కని తెలుగు కనిపిస్తుంది గాని, సెలెక్ట్ చేస్తే చేతికి వచ్చేది రోమన్ అక్షరాల గందరగోళమే.

భద్రత గురించి కూడా చెప్పుకోవాలి. ఇటువంటి పనికి చాలామంది సెలెక్ట్ చేసిన పాఠ్యాన్ని ఒక షెల్ (టైప్ చేసిన ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్) ఆదేశంలో అతికించి నడిపిస్తారు. ఎక్కడో ఒక వెబ్ పుటలోని పాఠ్యంలో సెమికోలనో బ్యాక్‌టిక్కో ఉంటే షెల్ దానిని మరొక ఆదేశంగా తీసుకునే ప్రమాదం ఉంది. చిరునామాగా మార్చేశాము కనుక భయం లేదనుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే పైన చెప్పిన మార్పిడి ఫంక్షన్ సింగిల్ కోట్‌ను, గుండ్రని బ్రాకెట్లను ముట్టుకోదు. షెల్ జోలికి పోకుండా చిరునామాను నేరుగా డెస్క్‌టాప్ లైబ్రరీకి ఇవ్వడమే ఉత్తమం. అలాగే సెలెక్ట్ చేసిన వెంటనే, క్లిక్‌తో పని లేకుండా దానంతట అదే పుట తెరిచే ఏర్పాటు చేసుకున్నవారిని చూశాను. నాకది బొత్తిగా నచ్చదు. పాస్‌వర్డ్‌ను, బ్యాంకు ఖాతా సంఖ్యను కూడా మనం సెలెక్ట్ చేస్తూనే ఉంటాము, అవి ఊరి మీదికి పోవలసిన పని లేదు. ప్రైమరీలో ఎప్పటిదో పాత పాఠ్యం మిగిలి ఉండవచ్చు కాబట్టి, బొమ్మ మీద మౌస్ ఆన్చినప్పుడు ఇప్పుడు ఏది తెరుచుకోబోతున్నదో చూపించే ఏర్పాటు కూడా చేశాను.

ఎక్స్11 స్థానంలోకి వస్తున్న వేలాండ్‌లో ఈ లెక్కలు మారుతాయి. అక్కడ సాధారణంగా ఫోకస్‌లో ఉన్న ప్రోగ్రామ్‌కు మాత్రమే సెలెక్షన్ చదివే వీలు ఉంటుంది, కాబట్టి వెనుక నుంచి తొంగిచూసే పాత స్క్రిప్టులు చాలావరకు పని చేయవు. డెస్క్‌టాప్ ప్రక్రియలోనే భాగంగా నడిచే యాప్లెట్‌కు ఈ అడ్డంకి తక్కువ. 2024 జనవరిలో వచ్చిన మింట్ 21.3లో వేలాండ్ సెషన్‌ను ప్రయోగాత్మకంగానే ఇచ్చారు. నేను ఎక్స్11లోనే కొనసాగుతున్నాను కనుక యాప్లెట్‌ను వేలాండ్‌కు తగినట్టు సరిచూసే పని ఇంకా మొదలుపెట్టలేదు.