నాయన రక్తం గడ్డకట్టిన రోజు నుంచి మెడిసిన్ సీటు దాకా

"డాక్టరే ఎందుకవ్వాలనుకున్నావు?" అని ఈ ఆరేళ్లలో నన్ను చాలామంది అడిగారు. స్కూల్లో సార్లు అడిగారు, కోచింగ్‌లో మొదటి రోజు అడిగారు, బంధువులైతే కనబడ్డప్పుడల్లా అడిగారు. "పేదవాళ్లకు సేవ చేయాలని" అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ అసలు సంగతి చెప్పాలంటే ఒక గాజు గొట్టం దగ్గర మొదలుపెట్టాలి.

మాది పాకాల దగ్గర పల్లెటూరు. రెండెకరాల మెట్ట, మూడు ఆవులు. 2019 అక్టోబర్‌లో నేను ఎనిమిదో తరగతి. శనక్కాయ చెట్లు పెరికి చేలోనే కుప్ప వేసున్నాం. పందులు పడతాయని నాయన రాత్రి కాపలాకు పోయాడు. కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో టార్చి లేదు. కుప్ప పక్కన కాలు పెట్టగానే రక్తపింజరి కరిచింది. పక్క చేనువాళ్లు పాత పంచె చించి మోకాలి కింద బిగించి కట్టారు. ఊళ్లో మంత్రం వేసే పెద్దాయన దగ్గరికి మోసుకుపోయారు. ఆయన వాపు చూశాడు, నాయన పళ్ల సందుల్లో నెత్తురు చూశాడు. "ఇది నాతో అయ్యే పని కాదు, ఆస్పత్రికి ఎత్తుకుపోండి" అన్నాడు. అప్పటికే గంట పోయింది. దారిలో ఆగిన ఆస్పత్రిలో పాముకాటు మందు లేదన్నారు. మా మామ ఆటో నేరుగా తిరుపతి రుయా ఆస్పత్రికి తోలాడు. చేరేసరికి రాత్రి పదకొండు దాటింది.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వయసు ముప్పై కూడా ఉండదు. ముందు కట్టు చూసి, దాన్ని ఒక్కసారిగా కాకుండా మెల్లగా వదులు చేసింది. తర్వాత కొద్దిగా రక్తం తీసి, శుభ్రంగా ఆరిన కొత్త గాజు గొట్టంలో పోసి, స్టాండులో నిలబెట్టింది. గడియారం చూసి టైం రాసుకుంది. "ఇరవై నిమిషాలు దీన్నెవరూ కదిలించకూడదు. నువ్వు ఇక్కడే నిలబడి చూసుకో" అని నాతోనే చెప్పింది. అమ్మ ఏడుస్తా ఉంది, మామ చీటీలు పట్టుకుని తిరుగుతా ఉన్నాడు, పనిలేకుండా ఉన్నది నేనొక్కదాన్నే. పదమూడేళ్ల పిల్లకు ఆ గొట్టం అప్పజెప్పింది. జనం అటూ ఇటూ పోతుంటే ఎవరి చెయ్యి తగులుతుందో అని రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాను.

ఇరవై నిమిషాలకు ఆమె వచ్చి గొట్టాన్ని వంచింది. రక్తం నీళ్లలాగా జారిపోయింది. అంతే, ఇంకేమీ అడగకుండా మందు మొదలుపెట్టించింది. చిన్న సీసాల్లో తెల్లటి పొడి. అందులో నీళ్లు ఎక్కించి, నురగ రాకుండా అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతూ కరిగించారు. అట్లాంటివి పది సీసాలు సెలైన్‌లో కలిపి ఎక్కించారు. ఆరు గంటలు ఆగి మళ్లీ గొట్టం, మళ్లీ ఇరవై నిమిషాలు. తెల్లారి కూడా రక్తం జారింది. మళ్లీ మందు. మధ్యాహ్నం మూడోసారి గొట్టాన్ని పూర్తిగా తలకిందులు చేసింది డాక్టరమ్మ. రక్తం కదల్లేదు. జున్ను ముక్కలాగా అడుగునే అంటుకుని ఉండిపోయింది. ఆమె నాకు దాన్ని చూపించి, "గడ్డకట్టింది చూడు" అని నవ్వింది. రాత్రి నుంచి ఆమె ముఖంలో నేను చూసిన మొదటి నవ్వు అది.

మిషన్ లేదు, కంప్యూటర్ లేదు. ఒక గాజు గొట్టం, ఒక గడియారం, వాటితో ఒక మనిషి నాయన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకుంది. ఆ తెలుసుకోవడం నాకు కావాలనిపించింది. సేవ, పేరు, తెల్లకోటు ఇవన్నీ తర్వాత వచ్చి చేరాయి. మూడో రోజు వార్డులో ఒక హౌస్‌సర్జన్ అక్కను పట్టుకుని మీలాగా అవ్వాలంటే ఏం చదవాలని అడిగాను. మందుల చీటీ వెనక వరసగా రాసిచ్చింది: ఇంటర్ బైపీసీ, నీట్ అనే ప్రవేశ పరీక్ష, నాలుగున్నరేళ్లు ఎంబీబీఎస్, ఏడాది హౌస్‌సర్జన్సీ. రుయా అనేది 1960లో మొదలైన ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆస్పత్రి అనీ, ఇక్కడ తిరిగే కుర్ర డాక్టర్లంతా అక్కడ చదివేవాళ్లనీ అప్పుడే తెలిసింది.

తొమ్మిదో తరగతి కరోనాలో, ఫోన్ పాఠాల్లో పోయింది. టెన్త్ తెలుగు మీడియంలోనే పాసయ్యాను. ఇంటర్‌కు తిరుపతిలో చేరాక అసలు కష్టం మొదలైంది. అన్నీ ఇంగ్లిష్. "పత్రహరితం" తెలిసిన నాకు "క్లోరోఫిల్" కొత్త మాట. మొదటి మూడు నెలలు క్లాసులో నోరు తెరవలేదు. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. పాఠంలో ప్రతి కొత్త మాట పక్కన పెన్సిల్‌తో తెలుగు రాసుకోవడం, రాత్రి ఆ పాఠాన్ని అమ్మకు ఫోన్‌లో తెలుగులో చెప్పడం. అమ్మ ఐదో తరగతి చదివింది. ఆమెకు అర్థమయ్యేలా చెప్పగలిగితే నాకు వచ్చినట్టు. కిడ్నీ పాఠం చెప్పినప్పుడు "అయితే అది మన బావి నీళ్లు వడబోసే గుడ్డ లాంటిదా?" అంది. సగం కరెక్టు. మిగతా సగం, అంటే పనికొచ్చేదాన్ని శరీరం మళ్లీ వెనక్కి పీల్చుకోవడం, ఆమెకు చెప్పడానికి నేను పాఠం మూడుసార్లు చదవాల్సి వచ్చింది. నీట్ తెలుగులోనూ రాయొచ్చు. కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే లెక్క. అందుకని ఇంగ్లిష్‌లోనే రాద్దామని నిర్ణయించుకున్నాను.

సెకండియర్ జువాలజీలో రక్తం గడ్డకట్టే పాఠం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ప్రోత్రాంబిన్ త్రాంబిన్‌గా మారుతుంది, అది ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ పోగులుగా చేస్తుంది, ఆ పోగుల వలలో రక్తకణాలు చిక్కుకుంటాయి, వీటికి కాల్షియం కావాలి. సార్ బోర్డు మీద బాణాలు గీస్తుంటే నా చేతులు చల్లబడ్డాయి. క్లాసయ్యాక ఆయన దగ్గరికి పోయి రక్తపింజరి కరిస్తే ఈ బాణాల్లో ఏది ఆగిపోతుందని అడిగాను. ఆయన కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ఏదీ ఆగదంట. ఆ విషం ఈ వరసను అదుపు లేకుండా మొదలుపెట్టేస్తుంది, ఒళ్లంతా చిన్న చిన్న గడ్డలు కట్టి ఫైబ్రినోజన్ మొత్తం ఖర్చయిపోతుంది, ఇక నిజంగా గడ్డకట్టాల్సిన చోట సరుకుండదు. అందుకే పళ్ల సందుల్లో నెత్తురు. అందుకే గొట్టంలో నీళ్లు. దాదాపు నాలుగేళ్లుగా నా బుర్రలో ఉన్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ తర్వాత బయాలజీ నాకెప్పుడూ బరువనిపించలేదు.

ఫిజిక్స్ మాత్రం నన్ను నిలబెట్టి ఏడిపించింది. 2024 మే 5న మొదటిసారి నీట్ రాశాను. ఫిజిక్స్‌లో రాయాల్సిన 45 ప్రశ్నలకూ సమాధానం పెట్టాను, ఒక్కటీ వదల్లేదు. అందులో 17 తప్పు. ఒప్పయితే నాలుగు, తప్పయితే మైనస్ ఒకటి అని తెలుసు, కానీ ఖాళీగా వదలాలంటే భయం. మొత్తం 720కి 521 వచ్చాయి. మామూలుగా అయితే మంచి మార్కులే అన్నారు. ఆ ఏడాది మామూలు ఏడాది కాదు. ముందు 67 మందికి 720కి 720 వచ్చాయన్నారు, గ్రేస్ మార్కులు కలిపారు, తీసేశారు, పేపర్ లీకని కోర్టుకు పోయారు. జూలై 23న సుప్రీంకోర్టు మళ్లీ పరీక్ష అక్కర్లేదని చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. నా 521కి వచ్చిన ర్యాంకుతో ప్రభుత్వ సీటు దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ఇంకో ఏడాది కోచింగ్‌కు, అంటే లాంగ్‌టర్మ్‌కు చేరాలా, బీఎస్సీ నర్సింగ్‌కు పోవాలా అని వారం రోజులు ఇంట్లో మాటలు నడిచాయి. నర్సింగ్ తక్కువని కాదు, ఆ పది సీసాలూ నురగ రాకుండా కరిగించింది ఒక నర్సమ్మే. కానీ గొట్టం వంచి చూసి నిర్ణయం చెప్పే చోట ఉండాలని నా మనసు. నాయన అంతా విని, "ఒక్క సంవత్సరం. ఆవును ఒకదాన్ని అమ్ముదాం" అన్నాడు. అమ్మింది పాలిచ్చే ఆవునే. అది నేనెప్పటికీ మరిచిపోను.

తిరుపతి బైరాగిపట్టెడలో నలుగురు ఆడపిల్లలం కలిసి రూం తీసుకున్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి మిద్దె మీద చదువుకునేదాన్ని. ఎదురుగా ఘాట్ రోడ్డు దీపాలు కొండ మీద దండలాగా కనబడేవి. ఆ ఏడాది నేను చేసిన పనుల్లో నిజంగా పనికొచ్చింది ఒకటే, తప్పుల పుస్తకం. ప్రతి టెస్టు తర్వాత తప్పుపోయిన ప్రశ్నను, అది ఎందుకు తప్పిందో ఒక్క వాక్యంలో రాసేదాన్ని. "యూనిట్లు మార్చలేదు." "ప్రశ్న చివరి మాట చదవలేదు." "రాదని తెలిసీ పెట్టాను." రెండు నెలలకు వెనక్కి తిరగేస్తే మూడో రకమే ఎక్కువ. నాకు ఫిజిక్స్ రాకపోవడం కన్నా వదల్లేకపోవడం పెద్ద జబ్బని అక్కడ తేలింది. తర్వాత ప్రతి టెస్టులో కావాలనే పది ప్రశ్నలు వదిలి ప్రాక్టీస్ చేశాను. చెయ్యి ఆగడం నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. మధ్యలో ఒక టెస్టులో జవాబులు దిద్దే ఓఎంఆర్ షీట్ మీద ఒక వరస జరిగి ఇరవైకి పైగా గుండ్రాలు తప్పు దిద్దాను. అప్పట్నుంచి ప్రతి ఐదు ప్రశ్నలకు ఒకసారి నంబరు సరిచూసుకోవడం అలవాటైంది.

2025లో పేపర్ తీరు మారింది. ఐచ్ఛిక ప్రశ్నలు తీసేశారు, 180 ప్రశ్నలకు 180 నిమిషాలే. మే 4న సెంటర్ గేటు దగ్గర కమ్మలు, జడ పిన్నులు తీసి అమ్మ చేతిలో పెట్టి లోపలికి పోయాను. ఫిజిక్స్ తెరిస్తే కళ్లు తిరిగినంత పనైంది. పక్క వరసలో ఒకమ్మాయి ఏడవడం వినబడింది. నేను ముందు బయాలజీ ముగించి, కెమిస్ట్రీ చేసి, ఫిజిక్స్‌లో 13 వదిలేశాను. బయటికొచ్చాక వదిలినవి లెక్కపెట్టుకుని రాత్రంతా కుమిలిపోయాను. జూన్ 14న ఫలితం: 498. పోయినసారి కన్నా 23 తక్కువ. ర్యాంకు చూస్తే లక్షకు పైగా ముందుకొచ్చింది! పేపర్ అందరికీ కష్టమే అయింది. మార్కులు చూసి గుండె జారితే ర్యాంకు చూసేదాకా ఆగండి అని ఇప్పుడు రాసేవాళ్లకు చెబుతున్నాను.

కౌన్సెలింగ్ గురించి ఒక్క మాట. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి, ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో లోకల్ అని తేలేది వాటితోనే. నా దాంట్లో ఒక చోట ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా పడింది. దాన్ని సరిచేయించడానికి నాయన నాలుగుసార్లు బస్సెక్కాడు. ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా, పరీక్ష అయిన మర్నాడే మీ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూసుకోండి. నాకు కడప ప్రభుత్వ మెడికల్ కాలేజీలో కన్వీనర్ సీటు, అంటే ర్యాంకును బట్టి ఇచ్చే సీటు వచ్చింది.

బయల్దేరే ముందు రాత్రి అరుగు మీద కూర్చుని నాయనకు ఆ గొట్టం కథంతా మొదటిసారి చెప్పాను. విషం గడ్డకట్టే సరుకునంతా ఎట్లా ఖర్చు పెట్టేస్తుందో, ఆ పొడి దేనితో చేస్తారో. చెన్నై దగ్గర ఇరుల తెగవాళ్ల సంఘం 1978 నుంచి పాముల్ని పట్టి విషం తీసి మళ్లీ వదిలేస్తారని, ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు పుడుతుందని చెప్పాను. నాయన చాలాసేపు కాలి మీద మచ్చ తడుముకుంటూ విన్నాడు.

"గుర్రానికేం కాదా మ్మా?"

"కొంచెం కొంచెంగా పెంచుతారు నాయనా. దానికి అలవాటవుతుంది."

"పాపం, అది కూడా మన కోసం కష్టపడతా ఉండాది" అన్నాడు. లేచి, చూరులో దోపిన టార్చి తీసుకుని, చెప్పులేసుకుని ఆవులకు మేత వేయడానికి పోయాడు.