దేవుడి గదిలో బూట్లు

పదకొండు దాటింది. ఇల్లంతా సద్దుమణిగింది. నాకు మాత్రం ఆ బూట్ల గొడవ ఇంకా చెవుల్లోనే ఉంది. ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప నిద్ర పట్టేలా లేదు.

శనివారం సాయంత్రానికి గాలివాన అంటున్నారు. పెద్ద వడగళ్లు పడతాయట, టోర్నడోలు కూడా రావచ్చట. మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులు వచ్చాయంటే ఉత్తర టెక్సస్‌లో ఇది మామూలే. దేశమంతటికీ ఇలాంటి తుపానుల అంచనాలు వేసే కేంద్రం ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉంది కదా, వాళ్ల పటంలో మా ఫ్రిస్కో మీద నారింజ రంగు పులిమారు. ఐదు మెట్లలో మూడోది. “మూడే కదా” అన్నారు ఈయన. ఈయన సంగతి మీకు కొత్త కాదు. సైరన్ మోగితే ఊరంతా లోపలికి పరుగెడుతుంది, ఈయన ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్తారు.

సరే, ఎవరి ధైర్యం వారిది. నేను మధ్యాహ్నమే మెట్ల కింది క్లాజెట్ సర్దడం మొదలుపెట్టాను. మెట్ల కింద అంటే మా దేవుడి గదే. కింది అంతస్తు, ఇంటికి నడిమధ్య, కిటికీ లేదు, బయటి గోడ తగలదు. టోర్నడో వస్తే ఎలాంటి చోట దాక్కోవాలని చెబుతారో ఆ లక్షణాలన్నీ మా ఇంట్లో స్వామివారు ఆక్రమించుకున్న చోటుకే ఉన్నాయి. పటాల పక్కన మంచినీళ్ల సీసాలు, టార్చిలైటు, బ్యాటరీ రేడియో, పాస్‌పోర్టుల సంచి, చిన్నదాని సైకిలు హెల్మెట్ పెట్టాను. అంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత అందరి బూట్లూ తెచ్చి ఒక మూల పెట్టాను.

సాయంత్రం దీపం పెట్టడానికి వెళ్లిన అత్తయ్యగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఏమ్మా, దేవుడి దగ్గర ఈ బూట్లేమిటి?”

చెప్పాను. ఇల్లు కూలితే అద్దం పెంకులూ మేకులూ తొక్కుకుంటూ బయటికి రావాలి, వట్టికాళ్లతో కుదరదు, బూట్లు దగ్గర పెట్టుకోమని వాతావరణశాఖ వాళ్లే చెబుతారు అని. ఆవిడ అంతా విన్నారు. విని, “దీపాలు పెట్టే వేళ ఇల్లు కూలుతుందని అనకూడదు” అన్నారు. బూట్ల మాట పోయి నా నోటి మాట మీదికి వచ్చింది.

ఈయన్ను పిలిస్తే తీర్పు ఇంకా బాగుంది. పటాలన్నీ పైగదిలోకి మార్చేద్దామన్నారు. “దేవుణ్ణి మేడ మీదికి తోలి మనం కింద దాక్కుంటామా?” అన్నారు అత్తయ్యగారు. ఆ మాట నాకు భలే నచ్చింది, పైకి మాత్రం అనలేదు. చివరికి బూట్లన్నీ గ్యారేజీకి వెళ్లిపోయాయి. గ్యారేజీ నుంచి క్లాజెట్‌కు రావాలంటే వంటగది దాటాలి. హెచ్చరిక వచ్చాక ఉండే వ్యవధి మామూలుగా పది, పదిహేను నిమిషాలు. ఒక్కోసారి అదీ ఉండదు. అర్ధరాత్రి కరెంటు లేక ఈయన ఎడమ బూటు కోసం తడుముకుంటూ ఉంటారు, నేను అత్తయ్యగారి ముఖం చూస్తూ ఉంటాను.

ఈ చుట్టుపక్కల ఇళ్లకు నేలమాళిగలు ఉంటే ఈ బాధే లేదు. ఎందుకు కట్టరని భోజనాల దగ్గర అడిగింది కూడా ఆవిడే. ఇక్కడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, కింద గోడలు కడితే నెట్టేస్తుంది అని చిన్నది చెప్పింది. నల్లటి మట్టి అని కూడా చెప్పింది. అత్తయ్యగారి ముఖం విప్పారింది. “నల్లరేగడి అనవే! మా నరసరావుపేట మన్నే అయితే” అని, వేసవిలో తమ చేలో పడే నెర్రెల గురించి, వాటిలోకి జారిన కొడవలి గురించి చాలాసేపు చెప్పారు. ఎండలు ముదిరితే ఇక్కడ ఇంటి పునాది చుట్టూ నీళ్లు పడతామని చెబితే ఇండియాలో ఎవరూ నమ్మరు. ఆవిడ వెంటనే నమ్మారు. ఇవాళ అందరం కలిసి నవ్వింది ఆ కాసేపే.

తర్వాత చిన్నది బడిలో నేర్చుకున్నదంతా అప్పజెప్పింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమగాలి వస్తుంది, పడమటి నుంచి పొడిగాలి వస్తుంది, పైన చల్లటి గాలి జోరుగా మరో దిక్కుకు పోతుంటుంది, వాటి మధ్య చిక్కిన మేఘం తిరగడం మొదలుపెడుతుంది. “ఏ వీధిలో దిగుతుందో ముందు చెప్పరా?” అన్నారు అత్తయ్యగారు. చెప్పలేరు నాయనమ్మా అంది. “మరింకెందుకు ఈ హడావుడి?” అన్నారు. ఆ చూపు నా వైపే.

ముందు చెబితే మాత్రం ఎవరు విన్నారు? 1996లో కోనసీమ తుపాను వచ్చింది నవంబరు 6 రాత్రి. దీపావళి 10న. నాన్న అప్పటికే అమలాపురం నుంచి మతాబులు, చిచ్చుబుడ్లు తెచ్చి అటక మీద పెట్టారు. రేడియోలో చెబుతూనే ఉన్నారు, తాతయ్య వింటూనే ఉన్నాడు, మన దాకా రాదని అంటూనే ఉన్నాడు. చీకటి పడేసరికి మా ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోవడం మొదలైంది. వీధి మొత్తానికి డాబా ఉన్నది చివరి ఇంటి మామ్మగారికే. మేమూ, వెనక పాకల్లోని వాళ్లూ, వాళ్ల మేకా అందరం అక్కడికే చేరాం. మామ్మగారిది నిప్పులు కడిగే మడి. సావిట్లో ఎంతమందైనా ఉండండి, వంటింటి గడప మాత్రం తొక్కవద్దు అన్నారు. కిటికీ రెక్క ఊడి సావిట్లోకి వచ్చి పడేదాకా ఆ మాట మీదే ఉన్నారు. పడ్డాక ఆవిడే వంటింటి తలుపు తీశారు. తెల్లవార్లూ అందరం అందులోనే, మేకతో సహా. నేను రుబ్బురోలుకు వీపు ఆనించి కూర్చున్నాను. ఎవరో పసిపిల్ల పాలగ్లాసు ఒలక్కుండా ఆ రోలు గుంటలో పెట్టారు. దాన్ని కదపవద్దని నాకు కాపలా పని అప్పగించారు. గాలి మోత కన్నా ఆ గ్లాసే నాకు బాగా గుర్తు.

పొద్దున్న బయటికి వస్తే కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకు పడి ఉన్నాయి. నిలబడ్డవాటికి మొవ్వులు లేవు. వెయ్యిమందికి పైగా పోయారని తర్వాత తెలిసింది. వేటకు వెళ్లి తిరిగి రానివాళ్లు ఎందరో. దీపావళి నాడు తమ్ముడు మారాం చేస్తే ఒక మతాబు వెలిగించాం, అది చీదేసింది. మామ్మగారి గురించి మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకునేది మాత్రం వేరు. ఆ రాత్రి ఎవరో తడిచేత్తో ఆవకాయ జాడీ ముట్టుకున్నారని, బూజు పట్టిందని, సంక్రాంతి దాకా వీధంతా వినేలా తిట్టారు. ఆవిడ తిట్టినన్నాళ్లూ నాన్న వెళ్లి ఆవిడ పెరట్లో పడిన చెట్లు నరికి తీస్తూనే ఉన్నారు.

ఇది తలుచుకున్నాక అత్తయ్యగారి మీద కోపం తగ్గిందా అంటే, లేదు. తుపాను రాత్రంతా వీచింది. మామ్మగారికి మనసు మార్చుకునే వ్యవధి ఉంది. టోర్నడో రెండు నిమిషాల్లో ఇల్లు దాటిపోతుంది.

ఇంకో తలనొప్పి వాట్సాప్. మా కాలనీ గుంపులో పొద్దున్నుంచి ఎప్పటిదో ఒక సుడిగాలి వీడియో తిరుగుతోంది, “ఇప్పుడే, మన దగ్గరే” అని. బయట చూస్తే ఎండ మండిపోతోంది. పంపిన పెద్దమనిషే, వడగళ్లు పడిన మర్నాడు ఇంటికప్పు వేసే కంపెనీలవాళ్లు తలుపు కొట్టకముందే బీమా సలహాలు కూడా ఇస్తాడు.

అసలు తేల్చుకోవాల్సింది రౌలెట్‌లో ఉండే వదిన సంగతి. శనివారం పిల్లలతో భోజనానికి రమ్మన్నాం. పొద్దున లేవగానే వద్దని చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాను. ఆరింటికి వచ్చి పదింటికి వెళ్లిపోతారు, ఏమవుతుంది అని ఈయన. ఆ పదింటికి వెళ్లడమే నా భయం. 2015లో క్రిస్మస్ మర్నాడు సాయంత్రం గార్లండ్, రౌలెట్‌ల మీదుగా పోయిన టోర్నడో 10 మందిని పొట్టన పెట్టుకుంది. వాళ్లలో చాలామంది ఇళ్లలో లేరు, ఐ-30, జార్జి బుష్ టర్న్‌పైక్ రహదారులు కలిసే చోట కార్లలో ఉన్నారు. మా ఇంటి నుంచి వదిన తిరిగి వెళ్లేదీ ఆ టర్న్‌పైక్ మీదే. 2024లోనూ ఇదే మెమోరియల్ డే వారాంతంలో, మాకు గంట దూరం కూడా లేని వ్యాలీ వ్యూలో 7 మంది పోయారు. అప్పుడు రాత్రి పది దాటింది.

కాబట్టి రావద్దని చెప్పడానికే మధ్యాహ్నం ఫోను చేశాను. వదిన ఎత్తగానే “మీ అన్నయ్య ఊళ్లో లేరు కదా, శనివారం ఇంట్లో ఉండాలంటేనే గుండె దడగా ఉంది, మీ ఇంటికి వస్తున్నాం కాబట్టి సరిపోయింది” అంది. 2015 నాటి ఆ సాయంత్రం నుంచి, గాలి గట్టిగా వీస్తే ఆవిడ ఒంటరిగా ఉండలేదు. నా నోట రావద్దనే మాట రాలేదు. మధ్యాహ్నమే వచ్చేయండి, రాత్రికి ఉండిపోండి అన్నాను. దుప్పట్లు తెచ్చుకోవాలా అంది. తెచ్చుకో, కార్ల మీద కప్పడానికైనా పనికొస్తాయి అన్నాను.

ఈ మాట రాత్రి పడుకోబోయే ముందు అత్తయ్యగారికి చెప్పాను. ఏడుగురం ఆ మెట్ల కింద ఎలా పడతామని లెక్కలు వేశారు. కాసేపటికి, ఎవరికో చెబుతున్నట్టు, “బూట్లు సబ్బుతో కడిగి, సంచిలో కట్టి, గుమ్మం అవతల పెడితే తప్పేమీ లేదు” అన్నారు. గుమ్మం అవతలే, లోపల కాదు. కడిగే పని ఎవరిదో చెప్పలేదు. ఇప్పుడు అవన్నీ కడిగి బాత్రూములో బోర్లించి వచ్చాను. ఈయనవి రేపు సాయంత్రానికి కూడా ఆరేలా లేవు.

ఆదివారం పొద్దున ఏడుగురికి టిఫిను కావాలి. పప్పు నానబోస్తే రేపే రుబ్బేయాలి, శనివారం కరెంటు పోతే గ్రైండరు తిరగదు. రుబ్బి పెట్టినా ఫ్రిజ్ ఆగిపోతే పిండి పులిసిపోతుంది. ఉప్మాయే గతి. వదిన పిల్లలు ఉప్మా ముట్టరు.