వానలో గురి

శనివారం పొద్దుటి నుంచీ ముసురు. షూటింగ్ రేంజికి, అదే తుపాకీతో గురిచూసి కాల్చే చోటికి, ఇంకోరోజు వెళ్దామన్నాను. "రేంజికి పైకప్పు ఉందమ్మా, తడవం" అన్నాడు మావాడు. వాడికి పన్నెండేళ్లు. స్నేహితుడి వాళ్ల నాన్న పిలిచినప్పటి నుంచి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

నా చిన్నప్పుడు తుపాకీ అంటే బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా మనిషి భుజాన చూసిందే. అలాంటిది పిల్లాడి చేతికి ఇవ్వడమేమిటని చాలా టెన్షన్ పడ్డాను. కానీ ఇక్కడ అమెరికాలో వాడి స్నేహితుల ఇళ్లలో తుపాకులున్నాయి. ఆడుకోవడానికి పంపే ముందు "మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళం వేసి ఉంచుతారా?" అని అడుగుతాను. మొదట్లో నోరు పెగిలేది కాదు. కనబడితే ముట్టుకోకు, అక్కణ్నుంచి వచ్చెయ్, పెద్దవాళ్లకు చెప్పు అని వాడికీ నేర్పాను. అది చాలదనిపించింది. పద్ధతి తెలిసినవాళ్ల దగ్గర, నా కళ్లముందు చూడనీ అనుకున్నాను.

రేంజి బయట దారి నిండా వానపాములు. వాడు ఒక్కోదాన్నీ ఆకుతో ఎత్తి గడ్డిలో వేశాడు. ఇంగ్లీషులో దీనికి మట్టిపేరు, తెలుగులో వానపేరు అని చెబితే వాడికి ఎంత నచ్చిందో!

లోపల మొదటి అరగంట తూటా ఊసే లేదు, అన్నీ జాగ్రత్తలే. ఖాళీ తుపాకీనైనా నిండుగా ఉన్నట్టే చూడాలి. గొట్టం ఎప్పుడూ తూటాల్ని ఆపే అవతలి మట్టికట్ట వైపే. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పడకూడదు. గురిపెట్టినదాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. పాయింట్ ట్వంటీటూ అనే చిన్న రైఫిల్ తూటా కూడా కిలోమీటరు దాటి పోగలదట. దాని శబ్దమే దాదాపు 140 డెసిబెల్స్, అందుకే చెవుల్లో ప్లగ్గులు, పైన చెవుల్ని కప్పే మఫ్స్. ఇంకో మాట కూడా చెప్పారు: ప్రమాదం కనబడితే ఎవరైనా సరే, చిన్నపిల్లలైనా సరే, "సీజ్ ఫైర్", అంటే కాల్చడం ఆపండి, అని అరవవచ్చు.

మావాడి వంతు అయిపోయి స్నేహితుడు కాలుస్తున్నాడు. ఉన్నట్టుండి మావాడు చెయ్యెత్తి గట్టిగా అరిచాడు: "సీజ్ ఫైర్!"

క్లాసులో తెలిసిన జవాబు చెప్పడానికీ గొంతు లేవని పిల్లాడు వాడు. అందరూ ఆగిపోయారు. తూటాలు తీసేసి, తుపాకులు బల్లమీద పెట్టి, వెనక్కి జరిగారు. అప్పుడు చూశాం, అటు చివర వానలో తడుస్తూ ఒక జింక, దాని వెనక మచ్చల పిల్ల. తల్లి గడ్డి కొరుకుతూ తాపీగా నడిచింది. అన్నేళ్ల అనుభవమున్న పెద్దవాళ్లు ఒక్కరూ విసుక్కోలేదు. రేకుల మీద చినుకుల చప్పుడు వింటూ, రెండూ చెట్లలోకి వెళ్లేదాకా నిలబడ్డాం.

తూటాల్లోని సీసం అంటుకుని ఉంటుందని చేతులు సబ్బుతో కడిగించి కారెక్కించాను. దారిలో అన్నాను, "నీ మీద నాకు గురి కుదిరింది రా."

"గురి అంటే ఎయిమ్ కదా?"

"నమ్మకం కూడా."

వాడు కాసేపు ఆలోచించి, ఒళ్లో ఉన్న టార్గెట్ కాగితం మీద పెన్నుతో ఏదో రాసి చూపించాడు. వంకర అక్షరాలతో, ఒకటి అటు, ఒకటి ఇటు: జి, క.

"సున్న మర్చిపోయావు నాన్నా."

"లేదమ్మా, ఉంది చూడు" అని మధ్యలో తూటా చేసిన గుండ్రటి రంధ్రం చూపించాడు.