విశాఖ నుంచి విమానంలో ఎంత దూరం, ఎంత సేపు?

విమాన దూరం కోసం రోడ్డు మ్యాప్ చూడకండి. భూమి గుండ్రం కాబట్టి రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారిని గ్రేట్ సర్కిల్ లెక్కతో కడతారు. అలా చూస్తే విశాఖ నుంచి ఢిల్లీ సుమారు 1,360 కిలోమీటర్లు, సింగపూర్ 2,900, లండన్ దాదాపు 8,000.

సమయానికి నేను వాడే లెక్క: దూరాన్ని 800తో భాగించి, వచ్చిన గంటలకు మరో 35 నిమిషాలు కలపండి. ఢిల్లీకి 1 గంట 42 నిమిషాలు, 35 కలిపితే 2 గంటల 17 నిమిషాలు. ఆ అదనం రన్‌వే దాకా నడపడానికి, పైకెక్కడానికి, దిగేటప్పుడు వేగం తగ్గించడానికి. చలికాలంలో ఉత్తరాదిన జెట్ గాలులు, అంటే విమానాలు ఎగిరే ఎత్తులో వేగంగా వీచే గాలులు, పడమటి నుంచి బలంగా వీస్తాయి. అందుకే ఢిల్లీకి వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ పడుతుంది.

చాలామంది తడబడేది టికెట్ మీద గడియారం దగ్గరే. అందులో ఉండేది ఏ ఊరికి ఆ ఊరి సమయం. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి 11:00కి ఇక్కడ బయల్దేరి తెల్లవారి 5:30కి అక్కడ దిగితే ప్రయాణం ఆరున్నర గంటలు కాదు, నాలుగే. తిరుగు ప్రయాణంలో అదే నాలుగు గంటలు టికెట్ మీద గంటన్నరలా కనిపిస్తుంది!

లండన్‌కు మధ్యలో మారాలి కాబట్టి గాల్లో ఉండే సమయం కన్నా ఆగే సమయమే ముఖ్యం. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో తీసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా, ఆ డబ్బు మామూలుగా వెనక్కి రాదు. డిసెంబరు, జనవరి పొగమంచులో ఢిల్లీ మీదుగా అయితే మరీ జాగ్రత్త.